డబ్లిన్ పాఠం, గార్డెన్ రీచ్ పరీక్ష: వరాహగిరి వేంకటగిరి కార్మిక రాజకీయం

కలకత్తా కోట మైదానం దాటి, టాలీ నాలా మీది వంతెన దిగితే ఖిదిర్‌పూర్. అందులో రేవును ఆనుకొని ఉన్న పేట వాట్‌గంజ్. పద్దెనిమిదవ శతాబ్దంలో కల్నల్ హెన్రీ వాట్సన్ అనే కుంఫిణీ ఇంజనీరు ఇక్కడ ఓడల నిర్మాణానికి పూనుకొన్నాడు. 1780లో వారన్ హేస్టింగ్స్‌కూ ఫిలిప్ ఫ్రాన్సిస్‌కూ జరిగిన పిస్తోళ్ళ ద్వంద్వయుద్ధంలో ఫ్రాన్సిస్ పక్షాన తోడు నిలిచినవాడు ఇతడే. ఓడల వ్యాపారం ఇతనికి కలసిరాలేదు. పేటకు పేరు మాత్రం మిగిలినది. 1892లో ఖిదిర్‌పూర్ రేవు తెరచిన పిమ్మట ఈ వీధులన్నీ కూలీల వీధులైనవి. మైకేల్ మధుసూదన దత్తు బాల్యం గడచిన ఇల్లు కూడ ఖిదిర్‌పూర్‌లోనిదే కనుక వంగ సాహిత్య చరిత్రకు ఈ ప్రాంతం అపరిచితం కాదు. తెలుగువారి చరిత్రకు మాత్రం ఇది మరొక కారణం చేత దగ్గరయినది. వాట్‌గంజ్ పక్కనుండి పడమరగా సాగితే గార్డెన్ రీచ్ వస్తుంది. అక్కడ నది ఒడ్డున బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ప్రధాన కార్యాలయం ఉండేది. కంపెనీ డైరెక్టర్ల బోర్డు లండనులో, ఏజెంటు గార్డెన్ రీచ్‌లో, వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో: అధికారం ఈ మూడు మెట్ల మీదుగా దిగి కార్మికుని చేరేది. కార్మికుని మొర పైకి ఎక్కడానికి మాత్రం మెట్లు ఉండేవి కావు. ఖిదిర్‌పూర్ నుండి అటు పోయే సర్క్యులర్ గార్డెన్ రీచ్ రోడ్డుకు తరువాతి కాలంలో కార్ల్ మార్క్స్ పేరు పెట్టినారు. ఆ కంపెనీ డైరెక్టర్లు బ్రతికి ఉండి విని ఉంటే ఏమనుకొనేవారో!

ఆ మెట్లు కట్టడానికి ప్రయత్నించినవారిలో ముఖ్యుడు ఒక తెలుగు న్యాయవాది. వరాహగిరి వేంకటగిరి 1894 ఆగస్టు 10న గంజాం జిల్లా బరంపురంలో జన్మించినారు. తండ్రి జోగయ్య పంతులు పేరుగన్న వకీలు. బరంపురం నాడు మద్రాసు రాజధానిలోనిది. బెంగాల్ నాగపూర్ రైల్వే దారిలో ఒక స్టేషను. విశాఖపట్టణం నుండి విజయనగరం, శ్రీకాకుళం, గంజాం మీదుగా కలకత్తా చేరే ఈ మార్గమే ఉత్తరాంధ్ర రైతుబిడ్డలను, చేతిపని వారిని ఖరగ్‌పూర్ వర్క్‌షాపులకు చేరవేసినది. ఖరగ్‌పూర్ బెంగాలులోని ఊరే అయినా దాని రైల్వే కాలనీలో తెలుగు మాట వినబడని వీధి అరుదు. మన సాంఘిక చరిత్రలు రంగూన్ వెళ్ళిన కూలీని గురించి కొంత చెప్పినవి, ఖరగ్‌పూర్ వెళ్ళిన ఫిట్టరును గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. గిరిని రాష్ట్రపతిగా మాత్రమే తలచుకొనడం మనకు అలవాటు కావడానికి ఈ మరపు కూడ ఒక కారణం. ఆయన రాజకీయ జీవితానికి మూలాధారం రాష్ట్రపతి భవనంలో కాదు, ఈ రైలు మార్గం మీద ఉన్నది.

అయితే ఆయన ఆ మార్గానికి రావడానికి ముందు చాల దూరం పోయినారు. 1913లో న్యాయశాస్త్రం చదువడానికి డబ్లిన్ నగరంలోని యూనివర్సిటీ కళాశాలలో చేరినారు. లండనుకు పోక డబ్లిన్‌కు పోవడం నాటి భారతీయ విద్యార్థులలో అందరికీ సామాన్యమైన విషయం కాదు. ఆయన అక్కడ అడుగుపెట్టిన సంవత్సరంలోనే ఆ నగరం ఒక మహాసంఘర్షణలో చిక్కుకొన్నది. ఆగస్టులో ట్రాము కార్మికుల సమ్మెతో ఆరంభమైన వివాదం కొద్ది వారాలలో నగరమంతటా అల్లుకొన్నది. ట్రాముల యజమాని, పత్రికాధిపతి విలియం మార్టిన్ మర్ఫీ తోటి యజమానులను కూడగట్టినాడు. జేమ్స్ లార్కిన్ నడపే రవాణా కార్మిక సంఘంలో సభ్యులము కామని, ఉంటే రాజీనామా ఇస్తామని సంతకం పెట్టినవారికే పని అన్నారు. సుమారు ఇరవైవేల మంది పని పోగొట్టుకొన్నారు. కుటుంబాలతో లెక్కిస్తే నగరంలో పెద్ద భాగమే పస్తులున్నది. 1914 తొలి మాసాలలో కార్మికులు ఓడి, ఒక్కరొక్కరుగా పనులకు తిరిగి వెళ్ళినారు. మర్ఫీ విదేశీయుడు కాడు. ఐరిష్ స్వపరిపాలనను కోరిన జాతీయవాది, ఒకప్పుడు పార్లమెంటులో ఆ పక్షం సభ్యుడు. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకొనడం అవసరం. గిరి జీవితంలోని ఉత్తరార్ధం అర్థం కావాలంటే మర్ఫీ అనే ఈ స్వదేశీ యజమానిని తిరిగి తలచుకొనవలసి ఉంటుంది.

లార్కిన్ అమెరికాకు పోయిన తరువాత ఆ సంఘానికి నాయకుడైనవాడు జేమ్స్ కానలీ. ఇతడు ఐర్లండులో పుట్టినవాడు కాడు. 1868లో స్కాట్లండు రాజధాని ఎడింబరోలో, కౌగేట్ అనే పేదల పేటలో, వలస వచ్చిన ఐరిష్ దంపతులకు పుట్టినాడు. చదువు స్వల్పం, పని చిన్ననాటి నుండే. స్కాట్లండులోని సోషలిస్టు సంఘాలలో రాజకీయం నేర్చి, 1896లో డబ్లిన్ చేరి ఐరిష్ సోషలిస్టు రిపబ్లికన్ పార్టీని స్థాపించినాడు. 1910లో ఐరిష్ చరిత్రను శ్రామికుని దృష్టితో తిరగవ్రాసిన గ్రంథం ప్రకటించినాడు. ఇతని సిద్ధాంతాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, దేశ విముక్తి, శ్రామిక విముక్తి రెండు పనులు కావు, ఒకే పని. జెండా మారి యజమాని మారకపోతే స్వాతంత్ర్యం పేరుకే మిగులుతుందని ఇతని హెచ్చరిక. స్కాట్లండులోనే గ్లాస్గో నగర ఉపాధ్యాయుడు జాన్ మెక్లీన్ 1920 తరువాత స్కాటిష్ శ్రామిక రిపబ్లిక్కు కావాలని ప్రచారం చేసి, జైళ్ళలో ఆరోగ్యం చెడి, 1923లో మరణించినాడు. అతని ఆలోచన కూడ ఈ కోవలోనిదే. చిన్న జాతుల వామపక్ష జాతీయవాదం సామ్రాజ్య గర్భంలో ఎట్లా పుట్టినదో తెలుసుకొనగోరేవారికి ఎడింబరో, గ్లాస్గో, డబ్లిన్ మూడూ ఒకే కథలోని అధ్యాయాలు.

1916 ఈస్టరు తిరుగుబాటు విఫలమైన పిదప కానలీని మే 12న కాల్చివేసినారు. కాలి గాయం వల్ల నిలువలేని మనిషిని కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చినారన్న వార్త ప్రపంచాన్ని కలచివేసినది. గిరి చదువుకొన్న కళాశాలలోనే ఆంగ్ల సాహిత్యం బోధించిన కవి టామస్ మెక్డొనాను అంతకు తొమ్మిది దినాల ముందు కాల్చినారు. ఇరవైయొక్కేండ్ల తెలుగు విద్యార్థి మనస్సు మీద ఇవి ఎటువంటి ముద్ర వేసి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఆ వేసవిలోనే గిరి ఐర్లండు విడిచి రావలసివచ్చినది. తిరుగుబాటులో ఆయన పాత్రను పెంచి చెప్పే కథలు తరువాత పుట్టినవి. వాటి అవసరం ఆయనకు లేదు, మనకూ లేదు. ఆయన డబ్లిన్ నుండి తెచ్చుకొన్నది తుపాకి కాదు. సంఘం లేని కార్మికుడు ఒంటరి అనీ, సంఘం ఉన్నా సంధికి దారి లేకపోతే ఆకలి గెలుస్తుందనీ చెప్పిన 1913 అనుభవం.

తిరిగి వచ్చి బరంపురంలో వకీలు వృత్తి ఆరంభించినారు. హోంరూలు ఉద్యమం, ఆ వెంట సహాయనిరాకరణం. వృత్తి వదలినారు, 1922లో మద్యపాన నిషేధ ప్రచారంలో జైలుకు వెళ్ళినారు. అప్పటికి దేశంలో ఇట్లా జైలుకు వెళ్ళిన వకీళ్ళు వేలమంది. గిరి విశిష్టత తరువాతి అడుగులో ఉన్నది. 1923 ప్రాంతాన రైల్వే కార్మికుల అఖిల భారత సమాఖ్య నిర్మాణంలో పాల్గొని, పదేండ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేసినారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులైనారు. ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చినది కూడ ఆ సంవత్సరమే. అంతకు ముందు సంఘం పెట్టడమే కుట్ర కింద లెక్కకు రాగల పరిస్థితి. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మిక ప్రతినిధిగా వెళ్ళినారు.

ఆ 1927 సంవత్సరంలోనే ఖరగ్‌పూర్ రెండుసార్లు స్తంభించినది. ఫిబ్రవరిలో మొదటి సమ్మె. ఆ పిమ్మట వర్క్‌షాపులో పెద్ద సంఖ్యలో కార్మికులను తగ్గించాలని గార్డెన్ రీచ్ కార్యాలయం నిర్ణయించినది. దానితో సెప్టెంబరులో తలుపులు మూతపడినవి. ఆ లాకౌటు డిసెంబరు దాకా సాగినది. రైల్వే ఊరిలో పని పోవడమంటే ఏమిటో బయటివారికి వెంటనే తెలియదు. ఇల్లు కంపెనీది, నీళ్ళు కంపెనీవి, ఆసుపత్రి కంపెనీది. స్వగ్రామం పోవడానికి ఎక్కవలసిన రైలు కూడ కంపెనీదే. బట్టల మిల్లు కార్మికుడు పని పోతే పేటలోనే మరొక మిల్లు గడప తొక్కగలడు. ఖరగ్‌పూర్ ఫిట్టరుకు మరొక ఖరగ్‌పూర్ లేదు. పైగా ఆ కార్మికులలో తెలుగువారు, ఒరియావారు, బెంగాలీలు, హిందుస్తానీవారు, ఆంగ్లో ఇండియన్లు ఉన్నారు. జీతాల మెట్లు జాతుల మెట్లతో కలసి ఉండేవి. ఈ భిన్న జనాన్ని నెలల తరబడి ఒక మాట మీద నిలపడం ఉపన్యాసాలతో అయ్యే పని కాదు. వసూళ్ళు, బియ్యం పంపకం, కోర్టు కేసులు, ఢిల్లీకి తంతులు, లండను పార్లమెంటులో ప్రశ్నలు వేయించడం: ఇవన్నీ కలిస్తేనే సమ్మె. ఈ పోరాటంలో గిరి పట్టుబట్టి నడిపిన పద్ధతి రెండు చేతుల పద్ధతి. ఒక చేతితో పని నిలుపుదల, రెండవ చేతితో చర్చలకు పిలుపు. తొలగింపుకు గురి అయినవారి విషయంలో కంపెనీ చివరకు కొంత దిగివచ్చినది. డబ్లిన్‌లో మర్ఫీ దిగిరాలేదు. గిరి సంధి పద్ధతి మీద జీవితాంతం విశ్వాసం ఉంచడానికి ఈ భేదం కారణమై ఉంటుంది.

ఆ విశ్వాసమే రెండేండ్లలో ఆయనను సహచరుల నుండి విడదీసినది. 1929లో నాగపూరులో జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు సమావేశమైనది. బ్రిటిషు ప్రభుత్వం నియమించిన రాయల్ లేబర్ కమిషనుతో సహకరించాలా, బహిష్కరించాలా అన్నది ఒక ముఖ్య ప్రశ్న. కమ్యూనిస్టులు, వారితో ఏకీభవించినవారు బహిష్కరించాలన్నారు. ఎన్. ఎం. జోషి, గిరి మొదలైనవారు వాకౌటు చేసి వేరే సమాఖ్య పెట్టుకొన్నారు. మితవాదులన్న ముద్ర ఆనాటి నుండి గిరి మీద పడినది. ఆ ముద్ర పూర్తిగా న్యాయం కాదు. కమిషను ముందు సాక్ష్యం చెప్పడమంటే రైల్వే కార్మికుని జీతం, అప్పు, ఇల్లు, జబ్బు అన్నీ అచ్చులో ఎక్కించడం. ఆ సంపుటాలు లేకపోతే నేటి చరిత్రకారునికి నాటి కార్మికుని బ్రతుకు సగం కనపడదు. కాని ముద్రకు ఆధారమే లేదనడం కూడ సరికాదు. సైమన్ కమిషనును దేశం వెళ్ళగొట్టిన వేడి చల్లారకముందే మరొక విలాయతీ కమిషను ముందు కూర్చుండడం, కానలీని తెలిసినవాడు చేయదగిన పనేనా అని అడిగినవారికి గిరి వర్గం వద్ద సులువైన సమాధానం లేదు. రెండవ రౌండ్ టేబిల్ సమావేశానికి కార్మిక ప్రతినిధిగా ఆయన హాజరైనారు. రెండు సమాఖ్యలు దశాబ్దం చివరకు తిరిగి కలసినవి. 1942లో గిరి మళ్ళీ ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షులైనారు.

ఈ మధ్యకాలంలో ఆయన కాళ్ళ కింది నేలే మారిపోయినది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అందులోకి పోయినది. పర్లాకిమిడి కూడ పోగా, నిరసనతో ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరినారు గిడుగు రామమూర్తి పంతులు. గిరి అట్లా భాషారాష్ట్ర వాదాన్ని జీవిత సమస్యగా చేసుకొన్నట్లు కనపడదు. ఆయన జాతీయతకు హద్దులు భాష గీసినవి కావు, రైలు మార్గం గీసినవి. ఖరగ్‌పూర్‌లో ఏ నాలుగు భాషలవారితో సంఘం కట్టినారో ఆ నాలుగు భాషలవారూ సరిహద్దు రేఖకు చెరొక వైపున ఉన్నారు. ఆంధ్రోద్యమ చరిత్రలలో గిరికి దక్కిన చోటు స్వల్పం కావడానికి ఇది కారణం కావచ్చు. అయినా ఎన్నికలలో ఆయన నిలిచినది ఉత్తరాంధ్రలోనే. 1937లో బొబ్బిలిలో, అంతకు ముందు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజానే ఓడించినారు. సొంత కోట నీడలో రాజు ఒక కార్మిక నాయకుని చేతిలో ఓడిపోవడం జస్టిస్ పార్టీ పతనానికి ప్రతీక వంటి సంఘటన. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు గిరికి దక్కినవి. 1939లో మంత్రివర్గం రాజీనామా, ఆపై జైలు, క్విట్ ఇండియా కాలంలో మరల మూడేండ్ల జైలు, 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో తిరిగి చోటు. 1947 నుండి 1951 వరకు సింహళంలో భారత హైకమిషనరు. అక్కడి తోటలలో పనిచేసే లక్షలాది భారతీయ సంతతి కార్మికులు 1948 పౌరసత్వ చట్టం వల్ల ఏ దేశానికీ చెందనివారు కావడాన్ని ఒక కార్మిక నాయకుడు దౌత్యవేత్త కుర్చీలో కూర్చుండి చూడవలసి వచ్చినది.

గార్డెన్ రీచ్ కథలో అసలు మలుపు మాత్రం ఆయన జైలులో ఉన్నప్పుడు వచ్చినది. 1944 అక్టోబరులో ప్రభుత్వం బెంగాల్ నాగపూర్ రైల్వేను కంపెనీ చేతి నుండి తీసుకొన్నది. మూడేండ్లకు ఆ ప్రభుత్వం మన ప్రభుత్వమైనది. 1955 ఆగస్టు నుండి ఆ భవనం సౌత్ ఈస్టర్న్ రైల్వే కార్యాలయం. లండను బోర్డు పోయినది, ఏజెంటు పోయినాడు. బల్లకు అవతల వైపున ఇప్పుడు దేశమే కూర్చున్నది. యజమాని పరదేశీయుడై ఉన్నంత కాలం శ్రామికుని పక్షాన నిలవడం, దేశం పక్షాన నిలవడం ఒకటే. కానలీ సిద్ధాంతం అంతవరకు సుఖంగా నడుస్తుంది. యజమాని స్వదేశ ప్రభుత్వమైనప్పుడు ఆ సమీకరణం రెండుగా చీలుతుంది. గిరి ఏ పక్షాన ఉంటారు? ఆయన శేషజీవితమంతా ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానమే. అది ఎప్పుడూ ఒకే సమాధానంగా లేకపోవడంలోనే దాని చారిత్రక విలువ ఉన్నది.

మొదటి సమాధానం ఘనమైనది. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయినారు. పారిశ్రామిక వివాదాలను నిర్బంధంగా ట్రిబ్యునళ్ళకు పంపే పద్ధతిని ఆయన గట్టిగా వ్యతిరేకించినారు. ట్రిబ్యునలు ఉన్నంత కాలం యజమానికి కార్మికునితో మాట్లాడే అవసరం రాదు, కార్మికునికి సంఘాన్ని బలపరచుకొనే అవసరం రాదు. ఇరువురూ వకీళ్ళను పోషిస్తారు. స్వయంగా వకీలైన మనిషి ఈ మాట అనడం విశేషం. ఇరుపక్షాలూ ముఖాముఖి బేరం చేసుకొని కుదుర్చుకొన్నదే నిలుస్తుందని ఆయన వాదం. దీనికి ‘గిరి పద్ధతి’ అని పేరు వచ్చినది. పేరు వచ్చినంతగా అమలు రాలేదు. పంచవర్ష ప్రణాళిక తొలి అడుగులలో ఉత్పత్తి ఆగరాదన్న భయం ప్రభుత్వానిది. సంఘాలలో కూడ బలహీనమైనవి ట్రిబ్యునళ్ళనే నమ్ముకొన్నవి. 1927లో ఖరగ్‌పూర్ సంఘానికి ఉన్న బలం దేశంలోని ప్రతి సంఘానికీ ఉన్నదని భావించడం గిరి ఆలోచనలోని లోపం.

1954లో బ్యాంకు ఉద్యోగుల వివాదం వచ్చినది. శాస్త్రి ట్రిబ్యునలు తీర్పు మీద అప్పీలు విన్న లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునలు ఉద్యోగులకు కొన్ని లాభాలు కలిగించినది. బ్యాంకులు మొరపెట్టుకొనగా ప్రభుత్వం ఆ తీర్పును మార్చి, ఉద్యోగుల లాభాలను తగ్గించినది. గిరి మంత్రి పదవికి రాజీనామా ఇచ్చినారు. ట్రిబ్యునళ్ళే వద్దన్నవాడు ట్రిబ్యునలు తీర్పు కోసం పదవి వదలుకొనడం వైరుధ్యంగా తోచవచ్చు. అది వైరుధ్యం కాదు. ఆటలో ఒక పక్షమైన ప్రభుత్వమే ఆట ముగిసిన తరువాత లెక్కను మార్చితే, చర్చలకు గాని తీర్పులకు గాని అర్థం లేదన్నది ఆయన అభిప్రాయం. తరువాత నియమితమైన గజేంద్రగడ్కర్ కమిషను ఉద్యోగులకు చాలవరకు న్యాయం చేకూర్చినది. స్వతంత్ర భారతంలో ఒక కేంద్రమంత్రి కార్మికుల పక్షాన పదవి వదలిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కించదగినవి. గిరి జీవితంలో కానలీకి అతి సమీపంగా వచ్చిన ఘట్టం ఇదేననిపిస్తుంది.

రెండవ సమాధానం అంత ఘనమైనది కాదు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు కేటాయించినది, రెండవది సామాన్య స్థానం. ఓట్ల లెక్కలో తొలి రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులకే వచ్చినవి, గిరి ఓడిపోయినారు. సామాన్య స్థానం గిరిజనునికి చెల్లదని వాదిస్తూ డిప్పల సూరి దొర ఎన్నికను ఆయన సుప్రీంకోర్టు దాకా సవాలు చేసినారు. 1959లో కోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది: కేటాయింపు గిరిజనునికి కనీస హామీయే కాని అతని ప్రాతినిధ్యానికి హద్దు కాదు. ఎక్కువ ఓట్లు తెచ్చుకొన్న గిరిజనుడు సామాన్య స్థానంలో కూర్చుండరాదని ఒక కార్మిక నాయకుడు కోర్టుకెక్కడం చూసేవారికి బాధ కలిగించే విషయం. చట్టరీత్యా ఆయనకు హక్కు ఉండవచ్చును, ఔచిత్యం లేదు. ఈ తీర్పు తరువాత రెండేండ్లకే పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను చట్టం ద్వారా రద్దు చేసినది. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరు పదవులు, 1967లో ఉపరాష్ట్రపతి పదవి ఆ వెనుక వచ్చినవి.

1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణంతో గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయినారు. జులై 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మరునాడు పదవి వదలి, రాష్ట్రపతి ఎన్నికకు స్వతంత్ర అభ్యర్థిగా నిలిచినారు. పదిహేనేండ్ల క్రితం బ్యాంకుల ఒత్తిడికి లొంగిన ప్రభుత్వం నుండి బయటికి వచ్చిన చేయి ఆ బ్యాంకులను ప్రభుత్వపరం చేసే కాగితం మీద సంతకం పెట్టినది. కాంగ్రెసు అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. పోటీలో ప్రధానులిద్దరూ తెలుగువారే. వారి రాష్ట్రంలో ఆ మాసాలలోనే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం భగ్గుమంటున్నది. ఇందిరాగాంధీ కోరిన ‘అంతరాత్మ ప్రబోధం’ వోటును, కమ్యూనిస్టు పక్షాల, ద్రావిడ మున్నేట్ర కళగం, అకాలీల మద్దతును కూడగట్టుకొన్నా మొదటి లెక్కలో గిరికి ఆధిక్యం చాలలేదు. రెండవ ప్రాధాన్యపు వోట్లు కలిపిన తరువాత గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ వచ్చినవి. ఎన్నిక చెల్లదని వేసిన పిటిషన్ల విచారణలో పదవిలో ఉన్న రాష్ట్రపతి సుప్రీంకోర్టుకు వచ్చి స్వయంగా సాక్ష్యం ఇచ్చినారు. ఈ ఒక్క విషయంలోనైనా ఆయన పాత వకీలు, పాత యూనియన్ మనిషి. ఎదుటివారి ప్రశ్నకు బల్ల వద్ద కూర్చుండి సమాధానం చెప్పడమే ఆయన ఎరిగిన గౌరవం.

ఆ తరువాతి అయిదేండ్లు అంతగా కొనియాడదగినవి కావు. 1970 అక్టోబరులో సోవియట్ పర్యటనలో ఉండగా, కీవ్ నగరంలో, ఉత్తరప్రదేశ్ మీద రాష్ట్రపతి పాలన విధించే ప్రకటనపై సంతకం చేసినారు. 1973లో ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను కాదని ఎ. ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించిన ఉత్తరువు ఆయన పేరిటే వెలువడినది. రాష్ట్రపతికి మంత్రివర్గ సలహా శిరోధార్యమన్న వాదం నిజమే. తీర్పు మార్చిన మంత్రివర్గంలో ఉండనన్న 1954 నాటి గిరిని ఎరిగినవారికి ఆ వాదం తృప్తి కలిగించదు.

కడపటి పరీక్ష మళ్ళీ రైలు మార్గం మీదే వచ్చినది. 1974 మే 8న దేశవ్యాప్తంగా రైల్వే కార్మికులు సమ్మె కట్టినారు. దానికి ముందు నిలిచినది అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య: యాభయి సంవత్సరాల క్రితం గిరి కట్టడంలో చేయి వేసినది, పదేండ్లు కార్యదర్శిగా నడిపినది. దాని అధ్యక్షుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ను సమ్మె ఆరంభం కాకముందే, చర్చలు సాగుతుండగానే అరెస్టు చేసినారు. వేలకు వేలుగా కార్మికులను భారత రక్షణ నిబంధనల కింద జైళ్ళకు పంపినారు. కాలనీలలో ఇండ్లు ఖాళీ చేయించినారు, నీరు, దీపం ఆపినారు. 1927లో ఖరగ్‌పూర్ కార్మికుని మీద కంపెనీ ఎక్కుపెట్టగలిగిన ఆయుధాలే ఇవన్నీ. సంధి బల్ల తలుపు మూసివేసినది ఈసారి మర్ఫీ కాదు, లండను బోర్డు కాదు. రాష్ట్రపతి భవనంలో గిరి ఉన్నారు. మే 27న సమ్మె ముగిసినది.

ఆగస్టు 24న ఆయన పదవీకాలం ముగిసినది. 1975లో భారతరత్న బిరుదం ఇచ్చినారు. 1976లో స్వీయచరిత్ర వెలువడినది. సమ్మెలో ఉద్యోగాలు పోగొట్టుకొన్న రైల్వే కార్మికులను 1977లో జనతా ప్రభుత్వం వచ్చిన తరువాత, మధు దండవతే రైల్వే మంత్రిగా ఉండగా తిరిగి పనిలోకి తీసుకొన్నారు. ఆ సంవత్సరమే సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయినారు. గిరి 1980 జూన్ 24న మద్రాసులో మరణించినారు.